అత్త కారు ఎందుకాగేది

కిందటి నెల మా కరుణత్త వెళ్ళిపోయింది. జ్ఞాపకార్థ కూడికకి అమలాపురం వెళ్ళేను. గుడి నిండిపోయి, వరండా నిండిపోయి, బయట షామియానా కింద వేసిన కుర్చీలు కూడా చాలక జనం నిలబడే ఉన్నారు. నిలబడ్డవాళ్ళలో సగంమంది అత్త చేతుల మీద పుట్టినవాళ్ళే. పాస్టరుగారు ఈమధ్యనే వచ్చిన చిన్నాయన. అత్తని మంచం మీద తప్ప చూసి ఎరగరు. గొంతు మాత్రం బాగుంది. "డాక్టరమ్మగారి సేవాప్రయాణం ఈ కోనసీమలో ఎక్కడా, ఎన్నడూ, ఒక్క క్షణమైనా ఆగలేదు" అన్నారాయన. అందరూ తలలూపేరు. నేనూ ఊపేను గానీ నాకు నవ్వు ముంచుకొచ్చింది. అలాంటి చోట నవ్వకూడదు కాబట్టి పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు మీద మెల్లగా రాసింది. ఆవిడ మరీ అంత పొరబడలేదులెండి. కానీ ఆ ప్రయాణం ఎక్కడెక్కడ ఆగిందో నాకు కంఠతా వచ్చు. ముమ్మిడివరం ఇవతల ఆగింది. అంబాజీపేటలో కొబ్బరికాయల రాశుల పక్కన ఆగింది. ముక్కామల దగ్గర సరిగ్గా లాకు మీద ఆగి, అటూ ఇటూ నిలిచిపోయిన బళ్ళవాళ్ళ చేత నానా మాటలూ పడింది. ఆగిన ప్రతిచోటా ఓణీ నడుముకి బిగించి, దిగి తోసింది నేనే.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, ఫిజిక్సు. మా ఇల్లు ఊరి చివర, కాలవగట్టుకి దగ్గర్లో ఉండేది. ఇంట్లో మామ్మ, అంటే నాన్న తల్లి. నాన్న, అమ్మ, నేను. నాన్నకి అక్క అయిన కరుణత్త. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఖాళీ దొరకలేదండి" అనేది అత్త, నిజంగానే విచారిస్తున్నట్టు మొహం పెట్టి. మా ముత్తాత ఇంకొకరి చేలో కూలికి వెళ్ళిన మనిషి, తాతగారు బడిపంతులు, ఆయన కూతురు డాక్టరు. ఈ మూడు మెట్లూ మామ్మ రోజూ ఎవరికో ఒకరికి వరసగా చెప్పేది. వినేవాళ్ళెవరూ దొరక్కపోతే కోళ్ళకి గింజలు చల్లుతూ వాటికి చెప్పేది. అవి తల ఒకపక్కకి వాల్చి వినేవి. నాన్న హైస్కూల్లో లెక్కల మేస్టారు. ప్రపంచంలో ప్రతిదానికీ జవాబు ఒకటే ఉంటుందనీ, అది పుస్తకం చివర ఉంటుందనీ ఆయన నమ్మకం.

ఇక కారు. రాజమండ్రిలో ఒక ముసలి ప్లీడరుగారు చూపు ఆనక అమ్మేసిన నల్ల కారు అది. ఏ కంపెనీదో చెప్పను. వాళ్ళ తప్పేమీ లేదని చివరికి తేలింది కాబట్టి ఇప్పుడు వాళ్ళని రచ్చకి లాగడం మర్యాద కాదు. అది నాకంటే వయసులో పెద్దది. హారన్ కొడితే గేదె అరిచేది. అంటే, హారన్ అలా ఉండేదని కాదు. హారన్ పలికేది కాదు, దాన్ని నొక్కడానికి అత్త పడే అవస్థ చూసి పక్కనున్న గేదె అరిచేది. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోయింది. ట్యాంకు నిండా ఉన్నా సగమే, చుక్క లేకపోయినా సగమే. కొన్న కొత్తలో ఆ ముల్లుని నమ్మి, నాన్న ఆగిపోయిన కారుని గడియారస్తంభం దగ్గర నుంచి తన శిష్యుల చేత తోయించుకుంటూ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళేరు. తీరా చూస్తే పెట్రోలు లేదు. లెక్కల మేస్టారికి అది చిన్న అవమానం కాదు. ఆనాటి నుంచి కారు ఎక్కడ ఆగినా ఆయన చేసే మొదటి పని ఒకటే. వెనకపక్కకి వెళ్ళి పెట్రోలు మూత తిప్పి తీసేవారు. చీపురులోంచి ఏరి, నున్నగా చెక్కి దాచుకున్న పొడుగాటి కొబ్బరి ఈనె లోపలికి ముంచి, పైకి తీసి, తడి ఎంతవరకు ఉందో వెలుతురులో చూసి "ఉంది" అని ప్రకటించేవారు. ఉందని తెలియడం వల్ల కారు కదిలేది కాదు గానీ, నాన్న మనసు కుదుటపడేది.

కారుకోసం ఇంటిపక్కన కొబ్బరాకు పాక వేయించేరు. ఆ పాకకీ మామ్మ ఊరగాయల గదికీ మధ్య అడ్డం ఒక తడిక. ఆ గది మామ్మ రాజ్యం. ఆవకాయ, మాగాయ, ఉసిరికాయ, ఎండు రొయ్యలు, గానుగనూనె, దేని జాడీ దానికి, దేని డబ్బా దానికి. మా ఇంట్లో నోరు తెరిచి ఉన్న పాత్ర కనపడకూడదు. జాడీకి మూత, మూత మీద ఉతికిన గుడ్డ, గుడ్డ చుట్టూ తాడు బిగించి వాసెన కట్టేది. ఏలూరులో ఉన్న చుట్టాలకి ఊరగాయ పార్సిలు పంపాలంటే సీసా మూత చుట్టూ లక్క కరిగించి పోసేది. కొవ్వొత్తి వెలిగించి, ఎర్రటి లక్క పుల్ల దాని మీద కాచి, చుక్క చుక్కగా ఆవిడ పోస్తుంటే చూడ్డానికి ఎంతో బావుండేది. ఆ సీలు ఏలూరులో సుత్తి పెట్టి కొట్టి తీయాల్సివచ్చేదిట.

అలాంటి మనిషికి తడిక అవతల కారు వచ్చి పడింది. పెట్రోలు వాసన మాగాయకి పట్టేసిందంది ఓ రోజు. మేమందరం నాకి చూసేం, మాకేం తెలీలేదు. మామ్మ మాత్రం ఆ జాడీ పెరట్లో పారబోయించి, సమాధుల తోట నుంచి తిరిగొచ్చినట్టు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. "ఎక్కణ్ణించో కారుతోందిరా, చూడరా" అని నాన్నని పోరేది. నాన్న కారు కిందకి దూరి చూసి, "కారట్లేదమ్మా" అనేవారు. అక్కడితో ఆ సమస్య తీరిపోయిందని ఆయన అనుకునేవారు.

కారు ఆగడం మొదలుపెట్టింది ఆ ఏడు ఎండలు ముదరకముందే. ఆగడంలో కూడా దానికొక పద్ధతుండేది. దగ్గేది కాదు, పొగ కక్కేది కాదు. చక్కగా పోతూ పోతూ, మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు పట్టిన పెద్దమనిషిలాగ మెల్లగా తగ్గిపోయి రోడ్డు వారన నిలబడిపోయేది. కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్ళీ బయల్దేరేది. బజారుకి వెళ్తే ఆగేది కాదు, కాలేజీ దగ్గర నన్ను దింపడానికి వస్తే ఆగేది కాదు. ఎక్కడో దూరాన ఎవరికో నొప్పులొస్తున్నాయని కబురొచ్చి, అత్త సంచీ పట్టుకుని పరుగున ఎక్కితే మాత్రం సగం దారిలో ఆగేది.

ఆగగానే మాలో ప్రతివాళ్ళకీ ఒక వైద్యం ఉండేది. నాన్న ఈనె పట్టుకుని వెనక్కి వెళ్ళేవారు. మేమంతా ముందు బానెట్ దగ్గర మూగేవాళ్ళం. పెట్రోలు పంపు వేడెక్కిందని అత్త తువ్వాలు కాలవలో తడిపి దాని మీద కప్పేది. ప్లగ్గుల వైర్లు పీకి మళ్ళీ పెట్టడం నా శాఖ. మామ్మ కూడా ఉంటే వెనకసీట్లోనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఇవి కాక ఆ ఊరివాళ్ళ సలహాలుండేవి: కారు మొహం తూర్పుకి తిప్పమనేవారు ఒకరు, సారథిని మార్చమనేవారు ఇంకొకరు. విచిత్రం ఏమిటంటే ఇవన్నీ పనిచేసేవి. తడిగుడ్డ కప్పిన రోజు తడిగుడ్డ వల్ల నడిచేది, వైర్లు పీకిన రోజు నా వల్ల నడిచేది, ప్రార్థన చేసిన రోజు సరేసరి. దాంతో ఇంట్లో మూడు మతాలు బయల్దేరేయి. ఎవరి దగ్గర చూసినా కళ్ళారా చూసిన సాక్ష్యం ఉంది. అమలాపురం మెకానిక్కు ఒక్కొక్క సామానూ మార్చి, తన షెడ్డు చుట్టూ తిప్పి చూసి, "గుర్రమండీ ఇది, ఆయ్" అని తెచ్చి ఇచ్చేవాడు. గుర్రం ఊరి పొలిమేర వరకు గుర్రమే.

నవ్వులాట పోయింది ఉప్పలగుప్తం అవతల ఒక ఊరికి వెళ్ళిన రోజున. అక్కడ వీర్రాజుగారని ఒక రైతు, ఆయన కోడలికి తొలి కాన్పు. తెల్లారకముందే కబురొచ్చింది. దారిలో కారు ఆగింది, మా వైద్యాలు అయ్యేయి, నడిచింది. ఇంకా కొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. మేం వెళ్ళేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది. వీర్రాజుగారు కండువా సర్దుకుంటూ ఎదురొచ్చేరు.

"ఏం పర్లేదండి డాక్టరమ్మగారూ. అయిపోయిందండి. ఆడపిల్లండి. మా మంత్రసాని చూసుకుందండి. తమరు ఇంత దూరం వచ్చేరు, కాఫీ తీసుకుని వెళ్ళాలండి."

అత్త కాఫీ మాట వినిపించుకోకుండా లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. బాలింతకి రక్తం పోతూనే ఉంది, అత్త ఆపగలిగింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఆవిడకి తెలుసు. వీర్రాజుగారికి తెలీదు, ఆవిడ తెలియనివ్వలేదు. చేతులు కడుక్కుని, ఆయన ఇచ్చిన కాఫీ ఆఖరి చుక్కదాకా తాగి, పిల్ల పేరు ఏం పెడతారని అడిగి, వచ్చి కారెక్కింది. తిరుగుదారిలో కారు ఒక్కచోట కూడా ఆగలేదు. అదే అత్తకి మరీ మంట పుట్టించినట్టుంది.

మరికొన్నాళ్ళకి వీర్రాజుగారే మళ్ళీ వచ్చేరు, ఈసారి ఇంకెవరికో జ్వరమని. గుమ్మంలో ఆయన ఎడ్లబండి ఉంది. బండెందుకని అత్త అడిగితే ఆయన చాలా ఇబ్బందిపడ్డారు. "అబ్బే, ఏం లేదండి. తమరు కారులో ముందెళ్ళండి. నేను బండి తోలుకుని వెనకాలే వత్తానండి. ఒకవేళ... అంటే, ఒకవేళేనండి... దారిలో అవసరం పడితే ఎక్కుదురుగాని." అవసరం పడింది. కారు పక్కనుంచి ఎడ్లబండి వెళ్ళిపోతుంటే అత్త సంచీతో సహా అందులో కూర్చుని, వెనక్కి చూడకుండా వెళ్ళింది. ఎద్దుల మెడల్లో గంటలు చాలా దూరం వినపడ్డాయి.

విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు అంతకు ముందునుంచే అత్తని రమ్మంటున్నారు. ఆ రోజు భోజనాల దగ్గర అత్త ఆ మాట ఎత్తింది. ఈస్టరు వెళ్ళేక వాళ్ళకి ఏదో ఒకటి చెప్పేస్తానంది.

"కారు కోసం ఊరొదిలేస్తావా అక్కా?" అన్నారు నాన్న.

"కారు కోసం కాదురా. పిలిస్తే అందని డాక్టరు ఊళ్ళో ఉండడం, అసలు లేకపోవడం కంటే ప్రమాదం. లేదని తెలిస్తే వాళ్ళు ఇంకో దారి చూసుకుంటారు. ఉందనుకుంటే నా కోసం కూచుంటారు."

దానికి జవాబు నాన్న పుస్తకం చివర లేదు. ఇంకో కారు కొనే మాట ఎవరూ అనలేదు. ఈ కారే ఎన్ని తిప్పలు పడి కొన్నామో అందరికీ గుర్తుంది. మామ్మ "వెళ్ళకే" అనలేదు. అలా అనే మనిషి కాదు. "విశాఖపట్నంలో నీళ్ళు ఉప్పుట. పప్పు ఉడకదుట" అంది, మజ్జిగ పోస్తూ. మాట మార్చడానికి నాన్న, "ఈమధ్య మూత తీస్తే బుస్సుమంటోందమ్మా, పెట్రోలు ఆవిరైపోతున్నట్టుంది" అన్నారు. "అయితే ఇంకా పోతోందన్నమాట!" అంది మామ్మ. ఆ 'ఇంకా' ఎక్కణ్ణించి వచ్చిందో మాలో ఎవరమూ అడగలేదు.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల వారం ఇంకా మొదలవకముందు ఒక సాయంత్రం అత్త నాన్ననీ నన్నూ వరండాలో కూర్చోబెట్టింది. "ఇన్నాళ్ళూ మనం మందులు వేస్తున్నాం గానీ రోగిని చూడలేదు" అంది. "ప్రభా, నువ్వు చెప్పు. ఆగిపోయిన రోజున అది బయల్దేరేముందు ఏం తింది?"

"ఎవరత్తా?"

"కారే."

"పెట్రోలు."

"ఎంత?"

నేను నాన్న వైపు చూసేను. "దూరం కదా అని నిండా పోయిస్తాను" అన్నారాయన.

"ప్రతిసారీ?"

"దూరమైతే ప్రతిసారీ. ఊళ్ళో తిరగడానికి ఎందుకు దండగ?"

"వీర్రాజుగారింటి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎంతుంది?"

నాన్న కళ్ళు మూసుకుని ఈనె తడిని గుర్తు తెచ్చుకున్నారు. "బాగా తగ్గింది."

"అంటే కడుపునిండా తిన్న రోజునే పడుకుంటోంది" అంది అత్త. "మన వీధిలో సగంమందికి ఇదే జబ్బు. కానీ వాళ్ళెవరూ రోడ్డు మీద పడుకోరు."

ఈస్టరు ఇంకో వారం ఉందనగా, మట్టల ఆదివారానికి ముందురోజు శనివారం, కేసులేవీ లేని పొద్దు చూసి, ట్యాంకు నిండా పోయించి బయల్దేరేం. ఆగాలనే కోరికతో ఆ కారెక్కడం అదే మొదలు. కాట్రేనికోనలో ఉన్న తన చెల్లెలికి ఆవకాయ ఇవ్వాలని మామ్మ కూడా ఎక్కింది, ఒడిలో వాసెన కట్టిన చిన్న జాడీ పెట్టుకుని. అత్త పెట్టిన షరతు ఒకటే: ఆగితే ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు, తను చెప్పింది తప్ప.

ముమ్మిడివరం ఇంకా కొంత దూరం ఉందనగా, రెండు పక్కలా కొబ్బరితోటలున్న చోట కారు అలవాటు ప్రకారం కునుకు తీసింది. నాన్న చెయ్యి దానంతటదే సీటు కిందకి వెళ్ళింది.

"తమ్ముడూ, ఈనె కింద పెట్టు."

"పెట్రోలుందో లేదో ఒక్కసారి—"

"ఇందాక పోయించింది నువ్వే కదా."

"అయినా ఒక్కసారి చూస్తే—"

"పెట్టమన్నానా!"

అత్త అరవడం అరుదు. నాన్న ఈనె పెట్టేసి, చేతులు ఏం చెయ్యాలో తెలీక వెనక్కి కట్టుకున్నారు. అత్త తువ్వాలు తడిపి పంపు మీద కప్పి కాసేపుంచింది. స్టార్టు చేసింది. ఉలకలేదు. నన్ను వైర్లు పీకి పెట్టమంది. పలకలేదు. "అమ్మా, నువ్వు ప్రార్థన చెయ్యి" అంది. మామ్మ చేసింది, బంధువులందర్నీ పేరుపేరునా కలుపుతూ. ఆమెన్ అన్నాక కూడా కారు కదల్లేదు. మామ్మ చిన్నబుచ్చుకుని, "ఇదివరకు పనిచేసేదే" అంది. తోటలో కాయలు దింపుతున్నవాళ్ళు పని ఆపి వచ్చేరు. తూర్పు అన్నారొకరు. తూర్పుకి తిప్పేం. తోసేం. నా ఫిజిక్సు, నాన్న లెక్కలు, మామ్మ భక్తి, అందరివీ తలా ఒకసారి పరీక్ష తప్పేయి. ఎండెక్కింది.

అత్త కారు చుట్టూ మెల్లగా ఒకసారి తిరిగింది. "మనం ఎప్పుడూ చేసేది, ఈవేళ చెయ్యంది ఏముంది?" అంది, ఎవర్నీ అడగనట్టు. నాన్న కొంచెం సిగ్గుగా సీటు వైపు చూసేరు.

అత్త వైద్యం సంచీలోంచి దూది తీసి చిన్న పింజ విడదీసింది. జనాన్ని మాట్లాడొద్దంది. పెట్రోలు మూత దగ్గర వంగి, దూది అంచున పట్టుకుని, మూత కొద్దిగా తిప్పింది. బుస్సుమంది. దూది గాలికి బయటికి ఎగరలేదు. మూత కిందికి, సందులోకి లాక్కుపోయింది.

"చూసేవా తమ్ముడూ? బయటికి కాదు, లోపలికి. అది ఊపిరి వదలడం లేదు, పీలుస్తోంది. ఇన్నాళ్ళూ నువ్వు ఈనె పెట్టి చూడ్డం కాదు, దాని ముక్కు తెరుస్తున్నావు." వెళ్ళి స్టార్టు చేసింది. కాసేపు గునిసి కారు లేచింది. నాన్న ఈనె వైపు గౌరవంగా చూసేరు. జనం చప్పట్లు కొట్టేరు. అప్పుడు వెనకసీట్లోంచి మామ్మ తల బయట పెట్టి అంది:

"మూత చూసి బిగించండ్రా! వదులైతే నేను పడ్డ పాటంతా మట్టిలో కలిసిపోద్ది."

అత్త చాలా నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "నువ్వేం పాటు పడ్డావమ్మా?"

మూత తిరగేసి చూసేం. దాని లోపలివైపు ఎర్రటి లక్క, పార్సిలు మీద సీలంత నున్నగా. అంచు చుట్టూ సైకిలు ట్యూబు కోసి చేసిన పట్టీ. మామ్మ పని కాబట్టి వంక పెట్టడానికి లేదు. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. నాన్న ప్రతిసారీ ట్యాంకులోకే చూసేవారు గానీ మూతని తిరగేసి చూడలేదు. మూతని ఎవరు చూస్తారు?

"మూతకి చిల్లుందే!" అంది మామ్మ, మా అజ్ఞానానికి జాలిపడుతూ. "సూదిమొనంత చిల్లు. అందులోంచే కదూ వాసనొచ్చేది. చిల్లున్న మూత ఏం మూతే? ఆ చేసినవాడికి మూత చెయ్యడం చేతకాలేదు, నేను సరిచేసేను. అప్పటికీ బుస్సుమంటోందని వీడన్నాడు కదా అని ఇంకో పూత పోసేను."

నాన్న రోడ్డు పక్కన మైలురాయి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టేరు. నాకూ ఆగలేదు. రోగం ముదిరిందని చెప్పినప్పుడల్లా ఇంకో మోతాదు రోగమే వేసింది మామ్మ. నిండుగా పోయిస్తే లోపల గాలికి చోటు తక్కువ కాబట్టి బయటి గాలి రాక తొందరగా బిగుసుకుపోయి పెట్రోలు ఇంజనుకి పారేది కాదు, అదీ కడుపునిండా తిన్న జబ్బు. ఇదంతా నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న సంగతే. అందులో కారు లేదు, అంతే.

అత్త ఒక్కతే నవ్వలేదు. "అమ్మా, నూనె డబ్బాకి ఒకే చిల్లు పొడిస్తే నూనె వస్తుందా?"

"ఎందుకొస్తుంది? రెండో పక్క ఇంకోటి పొడవాలి, గాలికి..." మామ్మ మాట అక్కడ ఆగిపోయింది. జాడీ ఒడిలో గట్టిగా పట్టుకుంది. కాయలు దింపేవాళ్ళు మర్యాదగా తోటలోకి వెళ్ళిపోయేరు. మామ్మ చాలా చిన్న గొంతుతో అంది. "అయితే ఆ ఉప్పలగుప్తం పిల్ల దగ్గరికి నువ్వు ఆలస్యంగా వెళ్ళింది..."

"ఆ పిల్ల బాగుంది. తల్లీ బాగుంది."

"అది కాదే. నా లక్క వల్లేనా?"

"పిన్నీసు ఇలా ఇయ్యమ్మా" అంది అత్త.

మామ్మ గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. అత్త కారు నీడలో గొంతుక్కూర్చుని, కంట్లో నలుసు తీసేటంత జాగ్రత్తగా ఆ లక్కని గీకింది. ట్యూబు పట్టీ పీకేసింది. చిల్లులోంచి వెలుతురు కనపడేవరకు మూతని ఎండకేసి చూసింది. మామ్మ అడిగిన దానికి మాత్రం ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ జవాబు చెప్పలేదు. కాట్రేనికోన దాకా కారు ఎక్కడా ఆగలేదు. ముమ్మిడివరం దాటేక మామ్మ తేరుకుని, "చాలాసేపు గీకేవే. గట్టిగానే పట్టింది కదూ" అంది. "చాలా గట్టిగా పట్టిందమ్మా" అంది అత్త. ఆ మాట అంటున్నప్పుడు అద్దంలో నాకు ఆవిడ మొహం కనపడింది. అప్పుడు నవ్వింది.

ఇప్పుడు నా కారు ఏదైనా మొరాయిస్తే రావులపాలెంలో షెడ్డు కుర్రాడు దానికి వైరు తగిలించి, కంప్యూటరు చూసి చెప్తాడు. చాలా తెలివైనవాడు, కారు మొహం చూడడు. నన్ను కూడా అడగడు, ఎప్పుడాగింది, ఏం తింది అని. డాక్టర్లూ అంతే. కాయితం మీద అంకెలు చూసి మందు రాస్తారు, మందు పనిచేస్తుంది కూడా. నేనేమీ ఫిర్యాదు చెయ్యడం లేదు. వెనకాల ఎడ్లబండి తోడు రావాల్సిన ప్రయాణాలు మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? రక్తం ఆగక చనిపోయినవాళ్ళ ఊళ్ళు నాకు తెలుసు. కాకపోతే ఇప్పటి ఇళ్ళల్లో అన్నిటి మూతలూ వాటంతటవే బిగుస్తాయి. ఒకళ్ళ మేలు కోరి ఇంకొకళ్ళు ఇంత కష్టపడి చెడగొట్టే అవకాశం తగ్గిపోయింది. అది సౌకర్యమేనని ఒప్పుకుంటాను. వెలితిగా ఉంటుందని కూడా చెప్పకుండా ఉండలేను.

కారు బాగైందిగానీ ఈస్టరు తర్వాత విశాఖపట్నానికి ఏం చెప్తుందో అత్త చెప్పలేదు, మేం అడగలేదు. ఆ వారం రోజుల్లో ఆవిడ రెండు మూడు కేసులకి వెళ్ళివచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ మామ్మ వీధి అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేది. కారు శబ్దం వినపడగానే లేచి లోపలికి వెళ్ళి ఏదో పనిలో ఉన్నట్టు నటించేది. పెట్రోలు వాసన తడిక దాటి మళ్ళీ ఎప్పట్లా వస్తోంది. మామ్మ దాని మాట ఎత్తలేదు. ఆ మౌనం మా అందరికీ భయంగా ఉండేది.

ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున ఆరాధనకి వెళ్ళి వచ్చేం. అత్త కారు పాకలో పెట్టి దిగి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. పై కప్పు చూసింది. కొబ్బరాకు ఎండి, చీకి, అక్కడక్కడా ఆకాశం కనపడుతోంది. ప్రతి ఏడూ వానలకి ముందు ఆకు మార్పించడం మా ఇంటి ఆనవాయితీ.

"తమ్ముడూ" అంది. "ఈ ఏడు ఆకు వేయించకు. పెంకు వేయించు. గట్టి వాసాలు చూసి ఎత్తించు, పది కాలాలు ఉండాలి."

నాన్న "అలాగే అక్కా" అన్నారు, వెంటనే ఇంకోసారి అన్నారు. ఊరొదిలి వెళ్ళే మనిషి పాకకి పెంకు వేయించదు. ఆ సంగతి మా అందరికంటే ముందు మామ్మకి అర్థమైంది. ఊరగాయల గదిలోంచి, తడిక అవతల నుంచి, చాలా రోజుల తర్వాత గొంతెత్తింది.

"పెంకులేస్తే ఎండకి వేడెక్కి చస్తదే! వాసన ఇంకా ఎక్కువవుద్ది. నా మాగాయ గతేం కావాలి? ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారు గనక?"

ఆవిడ అంత సంతోషంగా సణగడం మేం అంతకుముందెప్పుడూ వినలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా సణుగుతూనే ఉంది.